మైకు ముందు మన్నింపు

పోయిన వారం రాహేలును రేపల్లె స్టేషన్లో నిలబెట్టి వచ్చేశాం. తెనాలి పాసింజరు దిగిన స్త్రీల సమాజం వాళ్ళు సంచులు భుజాన వేసుకుని, పాట అందుకుని, కూటాలు జరిగే మిషన్ కాంపౌండు వైపు నడిచిపోయారు. చెప్పు తెగి వెనకబడిన రాహేలుకు నల్ల బురఖాలో ఒకావిడ ఎదురొచ్చి, "కొలకలూరు రాహేలమ్మగారంటే మీరేనాండి?" అని అడిగింది. అవునంటే, "నేను గౌసు భార్యనండి, మీరాబీని" అంది. అక్కడ ఆపాం.

గౌసు మొహిద్దీన్ పేరు రాహేలు నోట పలికినన్ని సార్లు అతన్ని కన్నతల్లి నోట కూడా పలికి ఉండదు. రెండేళ్ళ కిందట, ఈస్టరుకు ముందు శ్రమదినాల ఉపవాసాల్లో, దుగ్గిరాల నుంచి కొలకలూరు వచ్చే కాలవగట్టు మీద గౌసు ఆటో బోల్తా పడింది. అందులో ఉన్నది రాహేలు భర్త శాలేమురాజు, దుగ్గిరాల పసుపు యార్డులో కాటా గుమాస్తా. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. ఆ ఆసుపత్రి వరండాలో, గుండెలు బాదుకుంటున్న బంధువుల మధ్య నుంచి లేచి, రాహేలు నేరుగా గౌసు దగ్గరికి నడిచింది. "నిన్ను నేను క్షమించానయ్యా" అంది. తర్వాత కోర్టులో కూడా అతని మీద ఒక్క కఠినమైన మాట పలకలేదు. ఆ రోజు ఆ మాట ఆమె గుండెలోంచే వచ్చింది, దాన్ని ఎవరూ శంకించక్కర్లేదు.

చిక్కంతా ఆ తర్వాతే మొదలైంది. సంఘంలో, ఆదివారం ఆరాధనలో, జరిగింది సాక్ష్యంగా చెప్పమన్నారు, చెప్పింది. తెనాలిలో చెప్పమన్నారు, చెప్పింది. ఆడవాళ్ళు ఏడ్చారు, ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. భర్త పోయాక తిండి సయించక గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషికి, సాక్ష్యం చెప్పిన రాత్రి మాత్రం కంటినిండా నిద్ర పట్టేది. పోయిన ఏడాది బాపట్ల సభల్లో చెప్పినదాన్ని మేనకోడలు సింధు ఫోన్లో పట్టి పెడితే, అది గుంటూరు దాకా పాకింది. 'క్షమించిన తల్లి' అని పేరొచ్చింది. ఇప్పుడు రేపల్లెలో ఫ్లెక్సీలు కట్టించారు.

ఆ ఫ్లెక్సీ ఒకటి మసీదు సందు మొదట్లోనే ఉంది. మీరాబీ దాని వైపు వేలు చూపించలేదు, చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

"కూటం ఎన్నింటికండి?" అని అడిగింది.

"ఆరింటికి పాటలు మొదలవుతాయమ్మా. అవ్వగానే నాదే."

"అయితే టైముందండి. ఇల్లు ఇక్కడే. ఒక్కసారి రండి. నేను మీకోసం వచ్చినట్టు మా ఆయనకి తెలీదు."

ఇంతలో సింధు వెనక్కి వచ్చింది. చురుకైన పిల్ల, మనసు చెడ్డది కాదు. అత్త పేరు నాలుగు జిల్లాలకు తెలియడం తన చేతి చలవేనని ఆమె నమ్మకం, అది అబద్ధమూ కాదు. విషయం తెలిశాక రాహేలును పక్కకు లాగింది.

"వద్దత్తా. ఇప్పుడెళ్ళి మనసు పాడుచేసుకుంటే సాయంత్రం ఏం చెప్తావు? బాపట్ల నుంచి కూడా బస్సులొచ్చినయ్. పాస్టరు అయ్యగారు నీకోసం చూస్తన్నారు."

"చెప్పు కుట్టించుకుని వస్తానని చెప్పు అయ్యగారికి" అంది రాహేలు.

చిన్న అబద్ధమే. ఈ మధ్య రాహేలుకు చిన్నవి అలవాటయ్యాయి.

సందులో మీరాబీ ముందు, రాహేలు వెనక. తెగిన చెప్పును చేత్తో పట్టుకుని నడుస్తూ రాహేలు మనసులోనే జవాబులు సిద్ధం చేసుకుంది. ఏమైనా సాయం కావాలేమో. ప్రార్థన చేయమంటారేమో. కానీ లోపల ఒక మూల ఇంకో సంగతి మసులుతోంది, దాని జోలికి పోకుండా ఆమె గబగబా నడిచింది.

రేకుల ఇంటి ముందు ఆటో నిలబెట్టి ఉంది. పైన పట్టా కప్పారు, పట్టా మీద దుమ్ము పేరుకుంది. బండి పక్కన వరసగా ఇనప కొక్కేలు, స్కూలు పిల్లల సంచులు తగిలించుకునేవి. ఒక్కదానికీ సంచి లేదు.

"తెనాలిలో ఉండలేక మా పుట్టింటి ఊరొచ్చామండి" అంది మీరాబీ. "ఇక్కడ ఎవరికీ ఏం తెలవదు. పిల్లల్ని స్కూలుకి తిప్పేవాడు. బండి నిండా పిల్లలే. మీ వీడియో వచ్చాక ఒక్కొక్కళ్ళే మానిపించారు. మొహం మీద ఎవరూ ఏమనలేదండి. 'స్కూలు బస్సు పెట్టుకున్నాం భయ్యా' అన్నారు. ఇప్పుడు నిజాంపట్నం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీకి పోతన్నాడు, దిమ్మలు మోయడానికి."

లోపల చాప మీద కూర్చున్న గౌసు రాహేలును చూసి లేచి నిలబడ్డాడు. అతను చిక్కిపోయాడు. గడ్డం సగం నెరిసింది. అరచేతులు మంచు కాటుకు తెల్లగా పగిలి ఉన్నాయి. "కుర్చీ ఎయ్యి మీరాబీ" అన్నాడు, అంతే.

రాహేలు కూర్చుంది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వడం మన వైపు మర్యాద. మీరాబీ చెయ్యి అలవాటుగా బిందె దాకా వెళ్ళి ఆగింది.

"నీళ్ళు తీసుకుంటారాండి? మేం రోజాలో ఉన్నాం. మీకివ్వొచ్చు."

"నేనూ ఉపవాసమేనమ్మా. సాయంత్రం దాకా."

ఈ రెండు మూడేళ్ళుగా రంజాను నెల, శ్రమదినాలు కలిసే వస్తున్నాయి. ముగ్గురూ ఎండిన పెదాలతో ఒకరినొకరు చూసుకున్నారు. పలకరింపుకు మంచినీళ్ళు కూడా అడ్డం లేని ఇంట్లో అసలు మాట తొందరగా బయటికొస్తుంది.

"క్షమించానన్నారు, సంతోషమండి" అంది మీరాబీ. నిలబడే మాట్లాడింది. "క్షమించినోళ్ళు ఒక్కసారన్నా గుమ్మం తొక్కి, ఎట్టా ఉన్నారని అడగరాండి? మైకులో క్షమిస్తారు, ఇంటికొచ్చి పలకరించరు. ఊరు మారినా మీ మన్నింపు మా ఎనకాలే వస్తాఉంది. మీరు చెప్పినప్పుడల్లా మా ఆయన మీ ఆయన్ని మళ్ళీ ఒకసారి చంపినట్టు అవుద్దండి."

"నేను మంచే చెప్పానమ్మా. నీ భర్తని ఎక్కడా తిట్టలేదు."

"తిట్టినా బావుండేదండి. తిట్లయితే జనం నాలుగు రోజులకి మర్చిపోతారు."

రాహేలుకు కోపం వచ్చింది. వెన్నలాంటి మనిషని పేరుపడ్డ రాహేలుకు, సందేహం లేకుండా, కోపమే వచ్చింది. భర్తను పోగొట్టుకున్నది తను. ఏడుపు మింగి మంచిమాట పలికింది తను. ఇప్పుడు ఈ కుర్చీలో దోషిలా కూర్చోవలసింది కూడా తనేనా?

మీరాబీ ఆమె మొహంలోకి చూసింది. "ఒక్కటే అడుగుతానండి. ఆయన తాగి నడిపాడని మీకెవరు చెప్పారు?"

ఇందాక సందులో రాహేలు దాటుకుంటూ నడిచింది ఈ మాటనే.

ఎవరూ చెప్పలేదు. పైగా, తాగలేదని చెప్పారు. ఆసుపత్రిలో పరీక్ష చేయించిన ఎస్సైగారు అదే వరండాలో, "మందు వాసన కూడా లేదమ్మా, గేదె అడ్డమొచ్చిందంట" అని ఆమెతోనే అన్నాడు. మొదటి సాక్ష్యంలో గేదె ఉంది. బాపట్లలో ఆమెను పరిచయం చేస్తూ అయ్యగారు, పొరపాటునో, ఊపులోనో, "తాగిన మైకంలో ఉన్న ఒక డ్రైవరు" అన్నారు. జనం అయ్యో అన్నారు. ఆ అయ్యో ఎంత పెద్దదంటే, మైకు అందుకున్న రాహేలుకు దాన్ని దిద్దాలనిపించలేదు. దైవజనుడి మాటను పదిమందిలో కాదనడమేంటని సర్దిచెప్పుకుంది. ఆ తర్వాతి ఊళ్ళో గేదె తప్పుకుంది, మందు వచ్చి కూర్చుంది. దాని తర్వాతి ఊళ్ళో తాగాడని ఆమే స్వయంగా అంది. గోరంతను కొండంత చేసేవాళ్ళను రాహేలు చాలామందిని చూసింది గాని, ఆ వరసలో తను కూడా నిలబడి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. దాని గురించి సింధుతో ఒకసారి నసిగితే, "ఆ మాట తీసేస్తే ఏముంటది అత్తా? గేదెని క్షమించావని చెప్తావా?" అంది ఆ పిల్ల.

"మీరాబీ, చాల్లే" అన్నాడు గౌసు.

"చాలదు. ఆ రోజు సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గౌసు మళ్ళీ చాప మీద కూర్చున్నాడు.

"రాజన్న నా బండిలో పోయాడండి. అది నిజం. ఆ మాట మీరు ఎన్నిసార్లన్నా పడతాను" అన్నాడు. "గేదె అడ్డమొచ్చింది. కళ్ళు తిరిగినయ్యేమో కూడా, నాకే సరిగా తెలవదు. తెల్లారుజామున తాగిన నీళ్ళేనండి ఆ రోజు. రోజాలో ఉన్నాను."

రాహేలు చేతిలోని చెప్పు నేల మీదికి జారింది. ఆసుపత్రి వరండాలో అతను గోడ పట్టుకుని తూలిపోవడం ఆమె కళ్ళారా చూసింది. పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగని మనిషిని పట్టుకుని తాగుబోతంది.

"మీకు ఇంకోటి తెలవదనుకుంటా" అన్నాడు గౌసు. "రాజన్న ఆ సాయంత్రం నా బండిలో ఎందుకున్నాడో."

తెలియదు. రెండేళ్ళుగా ఆమెను తొలిచిన ప్రశ్న అదే. యార్డులో పనుంది, ఆలస్యమవుతుందని చెప్పిన మనిషి ఆ వేళకు కాలవగట్టు మీద ఏం చేస్తున్నాడని.

"అంతకుముందు ఒకసారి యార్డు గేటుకి అడ్డంగా బండి పెట్టానని రాజన్న నన్ను అందరి ముందూ తిట్టాడండి. మతం పెట్టి తిట్టాడు. నేను ఆ గేటు కాడికి పోవడం మానేశాను. రంజాను నెల వచ్చాక ఒక సాయంత్రం అరటిపళ్ళు పట్టుకుని ఆయనే నా బండి దగ్గరికి వచ్చాడు. 'ఉపవాసం ఎన్నింటికి విడుస్తావురా' అని అడిగాడు. ఏంటన్నా ఇది అంటే, 'మా ఇంటావిడ పని పెట్టిందిలే' అన్నాడు. మనసు ఎవరి మీద గట్టిపడిందో వాళ్ళకి ఒక మెత్తని పని చెయ్యాలంట గదా. నవ్వుతా చెయ్యాలంట. ఎవరికీ చెప్పకూడదంట."

రాహేలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మెత్తని పని ఆమె పెట్టిందే. ఏటా శ్రమదినాల్లో కొలకలూరులో తమ ఇంటి కూటానికి వచ్చే ఆడవాళ్ళకు ఆమె నేర్పే సాధన అది. నెమ్మదిగా మాట్లాడటం, సంతోషంగా చేయడం, కనికరపడటం. అన్నిటికన్నా ముఖ్యం, చేసినది నోరు దాటనివ్వకపోవడం. చెబితే దాని సారం పోతుందని తనే అనేది. శాలేమురాజు వసారాలో కూర్చుని వింటూ, "మెత్తని పనులు మీ ఆడాళ్ళకేనా, మాకేం లేవా?" అని ఎగతాళి చేసేవాడు. "మీరు ముందు ఆ చుట్ట మానండి" అని కసిరేది. తన ప్రార్థనలన్నిటినీ గాలికి వదిలేశాడని ఆ మనిషి మీద ఆమెకు లోలోపల ఎంత చులకనో!

"ఆ రోజు నుంచి రోజూ వచ్చాడండి" అన్నాడు గౌసు. "పొద్దు గూకే వేళకి గట్టు మీద బండి ఆపి ఇద్దరం తినేవాళ్ళం. ఆ రోజు కూడా అక్కడికే పోతన్నాం. పళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పకూడదన్నాడు గదండి" అన్నాడు గౌసు. "చెప్పినా ఎవరు నమ్ముతారు?"

రాహేలు ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. మెత్తని పని చేసి, నోరు విప్పకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయినవాడు ఆయన. నేర్పిన తనేమో ఊరూరా ఫ్లెక్సీ కట్టించుకుంది. ఇంత బాధలోనూ ఎక్కడో ఒక మూల ఆయన మీద పొంగుకొచ్చిన సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

లేచి వెళ్ళబోతుంటే మీరాబీ అడ్డు రాలేదు. ఏమీ అడగలేదు కూడా. గుమ్మం దాకా వచ్చి, "మీ కూటం మైకు మా ఇంట్లోకి బాగా వినపడుద్దండి" అంది. "మేం ఉపవాసం విడిచే టైముకే మీ సాక్ష్యం వచ్చిద్ది."

మిషన్ కాంపౌండు నిండిపోయింది. స్టేజీ వెనక సింధు అత్త చీర సర్ది, "మొహం ఏంటి అట్టా ఉంది?" అని అడిగింది.

"సింధూ, అతను తాగలేదు. నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఇయ్యాల అది చెప్పేస్తాను."

సింధు అత్త చెయ్యి పట్టేసుకుంది. "అత్తా, అంత పని చెయ్యమాక. అబద్ధమని నువ్వే అంటే, ఇన్నాళ్ళూ నీ మాట విని మారినోళ్ళేమవుతారు? భర్తల్ని క్షమించినోళ్ళు, తోడికోడళ్ళతో కలిసినోళ్ళు, వాళ్ళందరికీ ఏం చెప్తావు? రేపటి నుంచి నిన్నెవరు పిలుస్తారు?"

ఆ పిల్ల అన్నదాంట్లో నిజం లేకపోలేదు. కలిసిన తోడికోడళ్ళు నిజమే. తడిసిన కళ్ళు నిజమే. రాహేలుకు మిగిలిన సంతోషమంతా ఆ మైకులోనే ఉందన్నది అన్నిటికంటే నిజం. అది పోతే మళ్ళీ ఆ గోడే.

అయ్యగారు మైకు అందుకున్నారు. "ఈ సహోదరి మాంగల్యాన్ని తాగిన మైకంలో ఒకడు తెంచేస్తే..." అని ఎత్తుకున్నారు. అంతలో మసీదు నుంచి అజాన్ మొదలైంది. ఆయన మర్యాదస్థుడే, "రెండు నిమిషాలు మౌనంగా ఉందాం" అని ఆగారు. కాంపౌండు అంతా సద్దుమణిగింది. ఆ సందులో ఇప్పుడు ఖర్జూరం నోట్లో పెట్టుకుంటూ ఉంటారు. రాహేలు ఇంకా ఉపవాసం విడవలేదు.

అజాన్ ముగిసింది. మైకు ఆమె చేతికొచ్చింది.

"అందరికీ వందనాలు" అంది రాహేలు. చెట్లకు కట్టిన స్పీకర్లలో ఆమె గొంతు ఊరి మీదికి వెళ్ళింది. "నేను ఊరూరా చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది. అది నాదే."

ఆపై మాటలు ఆమె పెదాల దగ్గరే ఉండిపోయాయి. స్పీకర్లు మూగబోయాయి. ఆమె తల తిప్పి చూసింది. మైకు సెట్టు అతని పక్కన సింధు నిలబడి ఉంది. ఏడుస్తోంది, కానీ చెయ్యి మాత్రం స్విచ్చి మీద ఉంది. ముందు వరుస ఆడవాళ్ళు అయోమయంగా చూస్తున్నారు. వెనక వరుసల్లో ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు.

అయ్యగారు దగ్గరికొచ్చి, నవ్వు చెదరకుండా, లోగొంతుతో అన్నారు. "అమ్మా, ఇది మనం కూర్చుని మాట్లాడుకుందాం. ఇంతమందిలో సంఘం పరువు తీయొద్దు. మైకు పెట్టిస్తాను, ఒక్క చిన్న ప్రార్థన చేసి ముగించండి. ప్రార్థన మాత్రమే." తర్వాత సింధు వైపు తలూపారు. స్పీకర్లు మళ్ళీ గురగురమన్నాయి. "మన సహోదరి దుఃఖంలో ఉన్నారు, ఆమె ప్రార్థనతో మనమందరం ఏకీభవిద్దాం" అని మైకులో చెప్పి, దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

సింధు చెయ్యి ఇంకా అక్కడే ఉంది. దారి తప్పిన మొదటి మాటకే అది కిందికి దిగుతుంది. ఆలోపు ఎన్ని మాటలు ఆ రేకుల ఇంటి దాకా వెళ్తాయో రాహేలుకు తెలియదు. ఇప్పటిదాకా ఆమె క్షమించడానికే మైకు పట్టుకుంది. అడగడానికి ఎప్పుడూ పట్టుకోలేదు.

ఆమె కళ్ళు మూసుకుంది. ప్రార్థన అనుకుని జనమంతా తలలు వంచారు. అలవాటు కొద్దీ సింధు కూడా తల వంచి, కళ్ళు మూసుకుంది.

"గౌసు తమ్ముడూ" అంది రాహేలు.